‘సెవరల్ డేస్’ అంటే ఎన్ని రోజులు? ఒక ఆరోగ్య ప్రశ్నావళి అనువాదంపై కేస్ స్టడీ

ఇంగ్లిష్ ‘సెవరల్’కి తెలుగేమిటని అడిగితే ఎవరైనా తడుముకోకుండా ‘అనేక’ అంటారు. నిఘంటువులూ ‘అనేక, పలు, వేర్వేరు’ అనే ఇస్తాయి. వార్తకో వ్యాసానికో అది చాలు. అదే మాట నాలుగు గడుల కొలబద్దలో రెండో గడిలో కూర్చున్నప్పుడు ‘అనేక’ అని రాస్తే, ఫారం మొత్తం తప్పు లెక్క చెప్తుంది. ఎలా చెప్తుందో, ఎక్కడ పట్టుకోవాలో, ఏం రాయాలో ఈ కేసులో చూద్దాం.

ఫారం, దాని లెక్క

ఫారం పేరు పీహెచ్‌క్యూ-9. మనసు కుంగుబాటును పసిగట్టడానికి వాడే తొమ్మిది ప్రశ్నల పట్టిక. స్పిట్జర్, క్రోయెంకే, విలియమ్స్ తయారుచేసిన ఈ ప్రశ్నావళి మీద ప్రధాన వ్యాసం 2001లో వచ్చింది. దీన్ని అచ్చువేసుకోవడానికీ అనువదించుకోవడానికీ ఎవరి అనుమతీ అక్కర్లేదు. అది మంచిదే. కానీ అందువల్లే ఆసుపత్రీ, కాలేజీ, పరిశోధక విద్యార్థీ ఎవరికి వాళ్లు తర్జుమా చేసుకునే వీలు కూడా ఏర్పడింది.

ప్రతి ప్రశ్నా గడిచిన రెండు వారాల గురించే. జవాబులు నాలుగు: ‘నాట్ ఎట్ ఆల్’కి 0, ‘సెవరల్ డేస్’కి 1, ‘మోర్ దేన్ హాఫ్ ద డేస్’కి 2, ‘నియర్లీ ఎవ్రీ డే’కి 3. గరిష్ఠం 27. మొత్తం 5 చేరితే స్వల్పం, 10 చేరితే మధ్యస్థం, 15కి ఒకింత తీవ్రం, 20కి తీవ్రం. మామూలుగా గీత గీసేది 10 దగ్గర. 2001 అధ్యయనంలో ఆ గీత దగ్గర జబ్బు ఉన్నవాళ్లను పట్టుకోవడం, లేనివాళ్లను వదిలేయడం రెండూ 88 శాతం తేలాయి. ఆ 88 ఇంగ్లిష్ మాటలతో వచ్చిన అంకె. తెలుగు మాటలు గడుల సరిహద్దుల్ని జరిపేస్తే ఆ అంకెను మనం అరువు తెచ్చుకోలేం.

ఆందోళన కొలిచే జీఏడీ-7 (2006)లోనూ ఇవే నాలుగు గడులు. ఆశా కార్యకర్తలు ముప్పై ఏళ్లు దాటినవాళ్ల దగ్గర నింపే సీబ్యాక్ ఫారంలో (జబ్బుల ముప్పు అంచనా వేసే పట్టిక) కూడా పీహెచ్‌క్యూ-9లోని మొదటి రెండు ప్రశ్నలున్నాయి. కాబట్టి ఈ ఒక్క మాట తెలుగు గడపల్లో చాలా దూరం తిరుగుతుంది.

‘సెవరల్’ ఇంగ్లిష్‌లో చేసే పని

దాని పుట్టుక లాటిన్‌లో ‘విడి’ అనే అర్థమున్న మాట నుంచి. ఆ పాత అర్థం ఇంకా బతికున్న చోటు కోర్టు కాగితాలు. ‘జాయింట్లీ అండ్ సెవరల్లీ’ అంటే ఉమ్మడిగానూ, విడివిడిగానూ. 1932 నాటి భాగస్వామ్య చట్టం 25వ సెక్షన్ ప్రకారం, సంస్థ చేసిన పనులకు ప్రతి భాగస్వామీ మిగతావాళ్లతో కలిసీ, విడిగా ఒక్కడుగానూ బాధ్యుడే. ముగ్గురు భాగస్వాములున్నా అప్పిచ్చినవాడు మొత్తం సొమ్ముకు ఒక్కడి మీదికే రావచ్చు. అక్కడ ‘అనేక విధాలుగా బాధ్యులు’ అని రాసిన తర్జుమా కనిపిస్తే ఆ దస్తావేజు మీద సంతకం పెట్టకండి.

లెక్కగా వాడినప్పుడు ‘సెవరల్’ రెండు కంటే ఎక్కువ, ‘మెనీ’ కంటే తక్కువ. ‘ఫ్యూ’ అన్నప్పుడు తక్కువే కదా అన్న ధ్వని ఉంటుంది. ‘సెవరల్’లో ఆ ధ్వని లేదు, ఎక్కువన్న ధ్వనీ లేదు. మూడా, ఐదా, ఆరా అంటే ఇంగ్లిష్ వాళ్లలోనే ఏకాభిప్రాయం ఉండదు. మాట ఇంత వదులుగా ఉన్నా ఫారంలో మాత్రం దానికి గట్టి హద్దులున్నాయి. కింద ‘అసలు లేదు’, పైన ‘సగానికి మించి’. పద్నాలుగు రోజుల్లో సగం ఏడు. కాబట్టి ఈ గడిలో ‘సెవరల్’ ఏడు దాటలేదు. ఆ హద్దు పక్క గడి పెట్టింది, నిఘంటువు పెట్టింది కాదు. అనువాదకుడు అర్థం వెతకాల్సిందీ ఆ పక్క గడిలోనే.

అమెరికాలో వృద్ధాశ్రమాల నివాసితులకు నింపే ఎండీఎస్ 3.0 పట్టికలో దీన్ని అంకెల్లోనే రాసేశారు: 0 లేదా 1 రోజుకు సున్నా, 2 నుంచి 6 రోజులకు ఒకటి, 7 నుంచి 11కి రెండు, 12 నుంచి 14కి మూడు. ఏడో రోజు దగ్గర చిన్న పేచీ ఉంది. ‘సగానికి మించి’ అన్నది ఉన్నదున్నట్టు తీసుకుంటే ఎనిమిది నుంచి మొదలవ్వాలి. వాళ్లు ‘సగం లేదా అంతకు మించి’ అని మాట మార్చి ఏడును పై గడిలో వేశారు. తెలుగులో ఏది పాటించినా ఫరవాలేదు, ఫారం నింపే వాళ్లందరూ ఒకటే పాటించాలి.

‘అనేక’, ‘చాలా’ ఎందుకు పనికిరావు

‘అనేక’ విడదీస్తే ‘ఒకటి కానిది’. వ్యుత్పత్తి చూస్తే రెండు రోజులూ అనేకమే. వాడుక వ్యుత్పత్తి మాట వినదు. ‘అనేకసార్లు చెప్పాను’ అన్నవాడు మూడుసార్లు చెప్పి ఊరుకున్నవాడు కాదు. పైగా అది పుస్తకం భాష. ఇంటి అరుగు మీద కూర్చున్న మనిషికి చదివి వినిపిస్తే ‘ఏదో పెద్ద లెక్క’ అన్నట్టే చెవిన పడుతుంది.

‘చాలా రోజులు’ ఇంకా ప్రమాదం. దానిలో రెండు తప్పులున్నాయి, రెండోది ఎక్కువమందికి తట్టదు. మొదటిది పైకి కనిపించేదే: ‘చాలా’ అన్నది ‘సగం కంటే ఎక్కువ’ అన్నదాని కంటే పెద్దగా వినిపిస్తుంది, మెట్లు తలకిందులవుతాయి. రెండోది, తెలుగులో ‘చాలా రోజులు’ అంటే ఎడతెగని కాలం. ‘చాలా రోజులైంది నిన్ను చూసి’ అంటాం. ఈ మాట విన్న మనిషి రెండు వారాల్లో ఎన్ని రోజులో లెక్కపెట్టడు, ఎప్పట్నుంచీ ఉందో చెప్తాడు. వరస ఇలా నడుస్తుంది:

“పెద్దమ్మా, నిద్ర సరిగ్గా పట్టకపోవడం ఉందా? అసలు లేదా, చాలా రోజులా...”

“చాలా రోజుల నుంచీ ఉందమ్మా. మీ పెదనాన్న పోయినప్పట్నుంచీ.”

అడిగినావిడ రెండో గడిలో టిక్కు పెట్టేస్తుంది. మిగతా రెండు గడులు చదవనే లేదు. ఆ పెద్దమ్మకు నిద్రలేమి రోజూ ఉన్నా 3 పడాల్సిన చోట 1 పడింది.

దీని ప్రభావం అంకెల్లో చూస్తే, ఒక మనిషికి ఐదు లక్షణాలు తొమ్మిదేసి రోజులు ఉన్నాయనుకుందాం. సరైన లెక్క ఐదు రెళ్లు పది. గీత చేరింది, డాక్టరు చూడాలి. ‘చాలా రోజులు’ అన్న గడే తనదనుకుంటే ఐదు ఒకట్లు ఐదు, స్వల్పం కింద ఇంటికి పంపేస్తారు. ఇప్పుడు రెండో మనిషి: ఆరు లక్షణాలు, ఒక్కోటి మూడేసి రోజులు. రావాల్సింది ఆరు. తనవి ‘చాలా రోజులు’ కావు కాబట్టి ‘అసలు లేదు’ వైపు జారతాడు, మొత్తం సున్నా. ఒకరు ఎక్కువున్నవాళ్లు, ఒకరు తక్కువున్నవాళ్లు. ఇద్దరికీ లెక్క కిందికే పడింది. రెండు తప్పులూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయన్న ఆశ కూడా లేదు.

తొమ్మిదో ప్రశ్న దగ్గర ఇది ఊరుకోదగ్గ తప్పు కాదు. చచ్చిపోతే బాగుండునన్న ఆలోచన, తనకు తాను హాని చేసుకోవాలన్న ఆలోచన వచ్చాయా అన్నది ఆ ప్రశ్న. మిగతా లక్షణాలు నిర్ధారణ లెక్కలోకి రావాలంటే సగానికి మించిన రోజులుండాలి. దీనికి ఆ నిబంధన లేదు, ఏ కొద్దిగా ఉన్నా లెక్కే. రెండు రోజులు అలా అనిపించిన మనిషి ముందు ‘అసలు లేదు’, ‘అనేక రోజులు’ అని రెండు గడులు పెడితే, ఏమంటారో ఊహించడం కష్టం కాదు. ఇక్కడ సున్నా కాని ఏ జవాబు వచ్చినా ఆ రోజే విడిగా మాట్లాడి డాక్టరుకు చూపించాలి. టెలి మానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్) 14416 నంబరు ఫారం అడుగున అచ్చువేసి ఉంచడం మంచిది.

తనిఖీలో తప్పు ఎందుకు దొరకదు

ఇటువంటి ఫారాలకు వెనక్కి తర్జుమా చేయించడం ఆనవాయితీ. ఇంగ్లిష్ నుంచి తెలుగు ఒకరు, ఆ తెలుగును మూలం చూడకుండా ఇంగ్లిష్‌లోకి మరొకరు. రెండు ఇంగ్లిష్‌లనూ పక్కపక్కన పెట్టి పోలుస్తారు.

‘అనేక రోజులు’ వెనక్కి వెళ్తే ఏమవుతుంది? ‘సెవరల్ డేస్’ అవుతుంది, లేదా ‘మెనీ డేస్’. వెనక్కి రాసేవాళ్లు కూడా అదే బడిలో అదే జంట నేర్చుకున్నవాళ్లు. అక్షరం తేడా లేకుండా మూలం తిరిగొస్తే పోల్చేవాళ్లు పచ్చ టిక్కు పెట్టేస్తారు. మరోవైపు ‘కొన్ని రోజులు’ అని సరిగ్గా రాసిన తెలుగు వెనక్కి ‘ఎ ఫ్యూ డేస్’గానో ‘సమ్ డేస్’గానో వస్తుంది, మూలంతో కలవలేదని ఎర్ర గీత పడుతుంది. అంటే ఈ పద్ధతి తప్పును దాటించి ఒప్పును ఆపుతోంది. వెనక్కి తర్జుమా దండగని కాదు, లేని వాక్యం చేర్చినా ఉన్నది వదిలేసినా అది పట్టుకుంటుంది. పరిమాణం చెప్పే మాటలకు మాత్రం అది తక్కెడ కాదు.

వీటికి తక్కెడ మనుషులే. నాలుగు జవాబుల్నీ నాలుగు చీటీల మీద రాసి, కలిపి, చేతికివ్వాలి. తక్కువ నుంచి ఎక్కువకు పేర్చమనాలి. ‘అనేక’, ‘చాలా’ ఉన్న చీటీ సగం చీటీకి ఇటు పడుతుందో అటు పడుతుందో కళ్లముందే తెలిసిపోతుంది. చదువు రానివాళ్లయితే పద్నాలుగు చింతపిక్కలు పోసి, ‘కొన్ని రోజులు’ అంటే ఎన్ని పక్కకు తీస్తారో తీయమనాలి. మాట మార్చి మళ్లీ తీయించాలి. ఒక్క ఊళ్లో ఒక్కరితో సరిపెట్టకండి. చదువుకున్న వాళ్లూ చదువు రాని వాళ్లూ, ఆడవాళ్లూ మగవాళ్లూ, కోస్తా, రాయలసీమ, తెలంగాణ మాటతీరులూ అన్నీ రావాలి. పిక్కలు ఆరు దాటుతున్న మాట ఏదైనా కొట్టేయడమే.

అభ్యర్థుల్లో ఎవరు నిలుస్తారు

‘పలు రోజులు’ అర్థానికి దగ్గరే. ‘పలువురికి గాయాలు’ అన్న శీర్షికలో ‘పలు’ చేసే పని ‘సెవరల్’ చేసేదే: లెక్క తేలలేదు, ఒకరిద్దరు మాత్రం కాదు. కానీ పత్రిక మడత దాటి బయటికి రాని మాట అది. నోటితో ‘పలు రోజులు’ ఎవరూ అనరు.

‘అప్పుడప్పుడు’ తియ్యగా వినిపిస్తుంది, జనం మాట కూడా. అయితే అది రోజుల లెక్క కాదు. ఒకే రోజు పదిసార్లు వచ్చిపోయినా అప్పుడప్పుడే.

‘నాలుగు రోజులు’ ముచ్చటైన అభ్యర్థి. తెలుగులో నాలుగు అంటే అచ్చంగా నాలుగు కాదు. ‘నాలుగు రోజులు ఓపిక పట్టు’, ‘నాలుగు డబ్బులు వెనకేసుకో’, ‘నలుగురూ నవ్వుతారు’. ఇంగ్లిష్ ‘సెవరల్’కి మన నోట్లో ఉన్న అసలైన జోడీ ఇదేనని చెప్పొచ్చు. ఫారంలో అచ్చువేస్తే మాత్రం అంకెగా చదివేస్తారు, మూడు రోజులున్నవాడికి గడి ఉండదు. అచ్చుకు పనికిరాదు గానీ, జవాబుగా విన్నప్పుడు దాని విలువ తెలిసి ఉండాలి. “ఓ నాలుగైదు రోజులు” అన్న మనిషికి రెండో గడి. “ఆరేడు రోజులు” అంటే మళ్లీ అడగాలి, సరిహద్దు సరిగ్గా అక్కడే ఉంది.

‘కొన్ని రోజులు’ నిలుస్తుంది, ఒక లోపంతో. ‘కొన్ని రోజులు ఊళ్లో ఉన్నాం’ అన్నట్టు వరసగా గడిచిన రోజులుగా వినపడే వీలుంది. సోమవారం ఒకటి, శుక్రవారం ఒకటి, మళ్లీ బుధవారం ఒకటిగా విడివిడిగా వచ్చినవాళ్లు తప్పుకుంటారు. అందుకే దానికి ఒక తోక కట్టాలి: ‘కొన్ని రోజులు (సగం కంటే తక్కువ)’. మూలంలో లేని మాట చేర్చారని అభ్యంతరం వస్తుంది. మూలంలో అది పక్క గడి రూపంలో ఉంది, ఇక్కడ బయటికి చెప్తున్నాం, అంతే.

యాసల సంగతి కొస్తే, నోటితో అడిగేటప్పుడు ‘రోజులు’ బదులు ‘దినాలు’ అనే ప్రాంతాల్లో ఒక జాగ్రత్త. ‘దినాలు’ చావు కర్మల మాట కూడా. ఇంట్లో ఈమధ్యే ఎవరైనా పోయిన మనిషిని ‘ఎన్ని దినాలు’ అని అడిగితే ప్రశ్న దారి తప్పుతుంది. ‘రోజులు’ అన్ని చోట్లా అర్థమవుతుంది, దాంతోనే సరిపెట్టుకోవచ్చు.

గడి ఒక్కటే మారిస్తే సరిపోదు

జవాబు బాగుపడ్డా ప్రశ్న కాండం, అంటే గడులకు ముందుండే ప్రశ్న వాక్యం, అలాగే ఉంటే లెక్క మళ్లీ చెడుతుంది. ‘హౌ ఆఫెన్’ని ‘ఎంత తరచుగా’ అని రాయడం అలవాటైపోయింది. ‘తరచుగా’లోనే ఎక్కువసార్లు అన్న అర్థం ఉంది కాబట్టి ప్రశ్నే జవాబును పైకి నెడుతుంది. ‘ఎన్నాళ్లు’ అంటే మళ్లీ ఎడతెగని కాలం. ‘ఎన్ని రోజులు’ అని అడగండి, గడులన్నీ రోజుల్లోనే ఉన్నాయి.

రెండు వారాల సంగతి కూడా అంతే. పద్నాలుగు రోజుల్ని తెలుగువాళ్లు ‘పదిహేను రోజులు’ అంటారు, అలాగే అననివ్వండి. కాకపోతే ఎక్కడ మొదలైందో ఒక గుర్తు ఇవ్వాలి. అడిగే రోజు మంగళవారమైతే ‘పోయిన వారం కాదు, అంతకు ముందు మంగళవారం నుంచి’. వారపు సంత ఉన్న ఊరైతే ‘రెండు సంతల కిందటి నుంచి’ అంటే ఇంకా గట్టిగా పట్టుకుంటారు.

ఇక మొదటి ప్రశ్న. ‘లిటిల్ ఇంట్రెస్ట్ ఆర్ ప్లెజర్’. ఇది కూడా పరిమాణం మాటే, ‘సెవరల్’ కంటే జిత్తులమారి. ‘లిటిల్’ ముందు ‘ఎ’ ఉంటే ‘కొంచెం ఉంది’, లేకపోతే ‘పెద్దగా లేదు’. ‘పనుల మీద కొద్దిపాటి ఆసక్తి’ అని తర్జుమా చేస్తే లక్షణమే తిరగబడుతుంది, ఆసక్తి ఉన్నవాళ్లకు మార్కులు పడతాయి. ‘ఆసక్తి పెద్దగా లేకపోవడం’ అని దిద్దితే అర్థం కుదురుతుంది. ఆ వెంటనే ఇంకో గొయ్యి ఎదురవుతుంది.

“పనుల మీద ఆసక్తి లేకపోవడం ఉందా అక్కా?”

“అసలు లేదు.”

ఏది అసలు లేదు? ఆసక్తి అసలు లేదు. ఫారంలో మొదటి గడి పేరు కూడా ‘అసలు లేదు’. టిక్కు సున్నాలో పడుతుంది, మనిషి చెప్పింది మూడు. ఇంగ్లిష్ మూలంలో ఈ గొయ్యి లేదు, మన ‘లేదు’ రెండు వైపులా కోస్తుంది కాబట్టి ఇక్కడ తవ్వుకున్నాం. విరుగుడు: కాండంలో ‘లేకపోవడం’ తీసేసి ‘ఆసక్తి గానీ సంతోషం గానీ తగ్గిపోవడం’ అనాలి, మొదటి గడిని ‘అలా అనిపించలేదు’ అని మార్చాలి. ‘తగ్గిపోవడం’లో మునుపు ఉండేదన్న ధ్వని చేరుతుంది. అడుగుతున్న లక్షణం కూడా ఆసక్తి కోల్పోవడమే కాబట్టి ఆ మేరకు ఒప్పుకోవచ్చు. నాలుగో ప్రశ్నలోనూ ‘లిటిల్ ఎనర్జీ’ ఉంది. అక్కడ ‘ఒంట్లో ఓపిక తగ్గడం’ చక్కగా అమరుతుంది.

చివరికి అచ్చుకెళ్లేది

గడిచిన పదిహేను రోజుల్లో కింది ఇబ్బందులు మీకు ఎన్ని రోజులు కలిగాయి?

అలా అనిపించలేదు – 0
కొన్ని రోజులు (సగం కంటే తక్కువ) – 1
సగం లేదా అంతకంటే ఎక్కువ రోజులు – 2
దాదాపు ప్రతిరోజూ – 3

నాలుగు గడుల కింద పద్నాలుగు చిన్న చదరాల పట్టీ ఒకటి గీయించండి. చదువుకోగలిగినవాళ్లు తామే నింపుకుంటారు. చదవలేనివాళ్లకు వినిపించేటప్పుడు వరస మారుతుంది: ముందు నాలుగు గడులూ పూర్తిగా చదవాలి, మధ్యలో జవాబు వచ్చినా ఆగకూడదు. ‘చాలా రోజులు’ అనో, మస్తు రోజులు, శానా రోజులు అనో జవాబొస్తే గడి వెతక్కూడదు. “ఈ పదిహేను రోజుల్లో ఎన్ని?” అని అడిగి, వచ్చిన అంకెను బట్టి వేయాలి. ఒక్కరోజే అన్నవాళ్లను ఎండీఎస్ లెక్కన సున్నాలో వేయొచ్చు. తొమ్మిదో ప్రశ్నకు మాత్రం ఆ ఒక్కరోజునూ సున్నా చేయకండి.

వెనక్కి తర్జుమా దగ్గర ఎర్ర గీత ఎలాగూ పడుతుంది. పరిశీలకుల గడిలో రాయడానికి ఈ మూడు ముక్కలు చాలు: “మూలంలో ఈ మాట విలువ 1. ఈ ఫారంలో పై గడి 7వ రోజు దగ్గర మొదలవుతుంది కాబట్టి ఇది 6 దాటకూడదు. ‘అనేక’, ‘చాలా’ అన్న మాటలు పిక్కల పరీక్షలో 6 దాటాయి, ‘కొన్ని’ దాటలేదు.” ఈ మూడో వాక్యం మాత్రం మీ పరీక్షలో నిజంగా అలా తేలితేనే రాయండి.